పెత్రమాసనాడు పిలవని పేర్లు

హైదరాబాదు నుంచి కృష్ణమూర్తి మోసుకొచ్చిన మాట ఆ ఇంట్లో ఇంకా చల్లారలేదు. బచ్చన్నపేటలో కిరాణం దుకాణం నడుపుకునే ఆ మనిషి ఏడాదిగా మొలలనుకుని మందులు మింగాడు. పట్నం డాక్టర్లు గొట్టం వేసి చూసి, పెద్దపేగు పొడుగునా గింజల్లాంటి గడ్డలు వందలకొద్దీ ఉన్నాయనీ, వాటిలో ఒకటి అప్పుడే క్యాన్సరుగా తిరిగిందనీ, పేగు తీసెయ్యక తప్పదనీ చెప్పారు. తండ్రి, అన్న నలభై దాటకుండానే నెత్తురు పోయి చచ్చింది ఈ జబ్బుతోనేనని కృష్ణమూర్తికి అప్పుడు తెలిసింది. రక్తంలో దిగివచ్చే జబ్బు, మీ పిల్లల్ని కూడా చూపించండి అన్నారు. పెత్రమాస అమావాస్యకు పెద్దలకు పెట్టుకుని ఆపరేషనుకు వస్తానని ఆయన గడువు అడిగి వచ్చాడు. ఆ గడువులోనే కొడుకు రామ్మోహన్‌ను జనగామ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. కొడుకు లోపలికి వెళ్లాడు, తలుపు మూసుకుంది. బయట బల్ల మీద ముడుచుకుని కూర్చున్న చెల్లెలు కస్తూరికి ఒక్కదానికే తెలిసిన సంగతి ఒకటుంది. నెత్తురు పడుతున్నది అన్నకు కాదు, తనకు.

తలుపు తెరుచుకున్నప్పుడు ముందు డాక్టరు మాటే బయటికి వచ్చింది.

"...గా ఆఖరి వికెట్టు పడి కప్పు మనకొచ్చినప్పుడు రేడియో ఎత్తి నెత్తిన వెట్టుకున్న. మా ఇంటామె నాకు పిచ్చి లేసిందనుకున్నది," అంటూ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు డాక్టర్ కరుణాకర్. ఆయన వెనక రామ్మోహన్ బెల్టు బిగించుకుంటూ, నవ్వాలా వద్దా అన్నట్టు తల వంచుకుని వచ్చాడు.

"షావుకారూ, మీ పిలగాడు సాఫ్. గొట్టం పోయినంత దూరం ఒక్క గింజ లేదు. అయినా ఏటా ఒక్కపారి తీస్కరావాలె."

కృష్ణమూర్తి చేతులు జోడించాడు. పక్కనే ఉన్న ఆయన తల్లి ముత్తమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఇగ మీ బిడ్డను గూడ చూస్త. రా అమ్మా," అన్నాడు డాక్టరు.

కస్తూరి వేళ్లు బల్ల అంచును పట్టుకున్నాయి. పదహారేళ్ల పిల్ల. ఊరి బడిలో పదో తరగతి దాకా చదివినా, సారు పేరు పెట్టి పిలిస్తే లేచి నిలబడి గోడకు జవాబు చెప్పే రకం.

"ఆడిపిల్ల గద సార్," అన్నాడు కృష్ణమూర్తి. "మా ఇంట్ల ఆడోళ్లకు లేదు గీ రోగం."

"ఎట్ల తెలుసు?"

"ఎట్లనేంది సార్. మా తాత వీరయ్య. మా బాపు లక్ష్మీనర్సయ్య. మా అన్న సారయ్య. ఏటా పెత్రమాసకు నా నోటితోని నేనే పిలుస్త గద పేర్లు. అంత మొగోళ్లే."

డాక్టరు కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాడు. "షావుకారూ, దీనికి ఆడ మగ తేడా లేదు. రోగమున్నోళ్ల పిల్లలల్ల ఎవలకన్న రావచ్చు, రాకపోవచ్చు. సగానికి సగం. అన్నకు లేదు గాబట్టి చెల్లెకు ఉంటదని గాదు, ఉండదని గాదు. ఒక్కొక్కల నసీబు ఒక్కొక్కలది. మీ దుకాణంల శనగల బస్తాకు తేమ తగిలిందనుకోండ్రి. ఏదో ఒక గింజ మొలకేస్తది. ఏ గింజనో, ఎప్పుడో ఎవలు జెప్పాలె? మొలకెయ్యకముందే బస్తా తీసేస్తే ఇల్లు బాగుంటది. మీకు తీసేటాల్లకు ఒకటి మొలకేసింది. పిల్లలకన్న ముందుగాల చూసుకుందాం."

"సూద్దం సార్. పెత్రమాస పోనియ్యండి," అన్నాడు కృష్ణమూర్తి, చూపు నేలకు దించి. పెళ్లి కావలసిన పిల్లను మగ డాక్టరు ముందు పడుకోబెట్టడం ఆయనకు ఊహలోకి కూడా ఎక్కడం లేదు.

డాక్టరు ఇక ఆయనను వదిలి కస్తూరి వైపే తిరిగాడు. "నీకేమన్న తక్లీఫ్ ఉన్నదా అమ్మా? కడుపుల నొప్పి, దొడ్డికి పోతే నెత్తురు, గిట్ల?"

అందరి చూపులూ తన మీద. తండ్రి, అన్న, బాపమ్మ ముత్తమ్మ, గుమ్మంలో నిలబడ్డ నర్సు. కస్తూరి తల అడ్డంగా ఊపింది.

తిరుగు బస్సులో రామ్మోహన్‌కు నోరు తిరిగి వచ్చింది. ప్రాణభయం వదిలిన మనిషి మాటలు అవి, ఆగేవి కావు.

"నీకు తెలుసా చెల్లే, గొట్టం లోపల ఉండంగ గూడ ఆయన నోరు మూయలే. వికెట్లు, రన్నులు, కప్పు. నేనన్న, సార్ మీరు నన్ను సూస్తున్నరా కామెంటరీ చెప్తున్నరా అని. గప్పుడేమన్నడో ఎరికేనా? నేను మాట్లాడుతున్ననంటే అంత మంచిగున్నట్టు లెక్క, నోరు మూస్తే గప్పుడు భయపడు అన్నడు."

"సిగ్గులేదురా, బస్సుల గట్టిగ జెప్తున్నవు," అని ముత్తమ్మ వాడి మోకాలు మీద చరిచింది, కాని నవ్వుతూనే.

కస్తూరి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. చేలగట్ల మీద గునుగు తెల్లగా పూసింది. అంత మొగోళ్లే, అన్నాడు బాపు. ఆ మాటను ఆమె, నీళ్లలో పడ్డ మనిషి మోటతాడు పట్టుకున్నట్టు పట్టుకుంది. తాత, తాత తండ్రి, పెదనాయన. అంతా మగవాళ్లే. తనది వేడి అయి ఉంటుంది. పచ్చి మిరపకాయ తొక్కు ఎక్కువ తింటుంది కదా, అదై ఉంటుంది.

మర్నాడే పెత్రమాస తెల్లారింది. ఆ రోజే ఎంగిలిపూల బతుకమ్మ. ఊళ్లో ఆడపిల్లలు మసక వెలుగులోనే బుట్టలు పట్టుకుని తంగేడుపూలకు బయల్దేరుతున్నారు. కస్తూరిని కూడా ఎవరో వాకిట్లోంచి పిలిచారు. ఆమె ఇంటి వెనక దొడ్డి మూలన, తడిక చాటున, బండ మీద చెంబుతో నీళ్లు కుమ్మరిస్తోంది. ఎర్రని నూలుపోగుల్లాంటివి బండ పగుల్లో చిక్కుకుని వదలడం లేదు. ఇంకో చెంబు పోసింది. ఇంకోటి. కాలి బొటనవేలితో రుద్దింది. వెనక గాజుల చప్పుడైతే తిరిగి చూసింది.

ముత్తమ్మ తడిక పక్కన నిలబడి ఉంది. ఒడినిండా గునుగుపూలు. ఆమె చూపు బండ మీద ఉంది.

"మైలనా?" అంది ముత్తమ్మ.

"ఊ," అంది కస్తూరి.

ఆ ఇంట్లో ఏ ఆడమనిషి ఎప్పుడు దూరంగా కూర్చోవాలో, ఎప్పుడు తలంటుకుని వంటింట్లోకి రావాలో లెక్క ముత్తమ్మ తలలో ఉంటుంది. ఆ అబద్ధం అక్కడ నిలిచేది కాదని నోరు దాటిన మరుక్షణమే కస్తూరికి తెలిసింది.

"పోయిన వారమే గద నీకు నేను తలకు వోసింది," అంది ముత్తమ్మ, చాలా మెల్లగా.

కస్తూరి చెంబు గుండెలకు అదుముకుంది. అరుస్తుందనుకుంది, జుట్టు పట్టుకుని లోపలికి ఈడుస్తుందనుకుంది. ముత్తమ్మ అవేమీ చేయలేదు. ఒడిలోని పూలు ఎప్పుడు జారిపోయాయో ఆమెకే తెలియలేదు. ముసలిది అట్లాగే వంగి, మనవరాలి చేతిలోంచి చెంబు తీసుకుని, పగుల్లో వేలు పెట్టి బండ కడిగింది. ఆ కడగడంలో ఎక్కడా తడుముకోవడం లేదు. ఇంతకుముందు ఎప్పుడో, ఎక్కడో, ఎన్నోసార్లు చేసిన పనిలా ఉంది.

"పో. పోయి తానం జెయ్యి," అంది ముత్తమ్మ, మొహం చూపకుండా.

పొద్దెక్కేసరికి అయ్యగారు వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఆయన ముందు చేటలో స్వయంపాకం: కొత్తబియ్యం, పెసరపప్పు, గుమ్మడికాయ ముక్క, తోటకూర కట్ట. కృష్ణమూర్తి తడిబట్టతో కూర్చుని ఎడమచేత్తో నువ్వులు తీసి కుడి అరచేతిలో వేసుకున్నాడు. మనిషి ఎంత చిక్కిపోయాడో చొక్కా లేకపోతే గాని కనపడదు. కస్తూరి తల్లి కళావతి వంటింటి గడపలో నిలబడి ఆ పక్కటెముకల్నే చూస్తోంది. కస్తూరి తల్లి వెనక తలుపు చాటున ఉంది. రామ్మోహన్ నీళ్ల చెంబు పట్టుకుని తండ్రి అరచేతిలో పోస్తున్నాడు.

"పేర్లు చెప్పండి," అన్నాడు అయ్యగారు.

"మా బాపు లక్ష్మీనర్సయ్య."

నీళ్లు, నువ్వులు పళ్లెంలోకి జారాయి.

"మా తాత వీరయ్య. మా అన్న సారయ్య."

"ఇంకెవలన్న ఉన్నరా?"

ఏటా అడిగే మాటే. ఏటా కృష్ణమూర్తి లేరంటాడు, అయ్యగారు చేట దగ్గరికి జరుపుకుంటాడు. ఈసారి కృష్ణమూర్తి నోరు తెరిచేలోపల వెనక నుంచి ముత్తమ్మ గొంతు వినిపించింది.

"ఉన్నరు. కౌసల్య."

కృష్ణమూర్తి మెడ తిప్పి తల్లిని చూశాడు. "అక్కకు మానుకోటోళ్లు వదుల్తరు గదనే నీళ్లు. ఇచ్చిన పిల్ల ఆళ్లింటిది."

"లచ్చవ్వ గూడ."

"లచ్చవ్వెవలు?"

"మీ బాపు చెల్లె. నీకు మేనత్త. జఫర్‌గఢ్ ఇచ్చిండ్రు. నువ్వు పుట్టకముందే పోయింది."

"వేరే గోత్రమైనా ఆడబిడ్డలకు వదలొచ్చు షావుకారూ," అన్నాడు అయ్యగారు. "నేను ఏటా ఇంకెవలని అడిగేది అందుకే. చెప్పేటోళ్లుండాలె గని."

ఆయన మాట ఎవరికీ ఎక్కలేదు. కృష్ణమూర్తి అరచెయ్యి అట్లాగే గాలిలో ఉంది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారిపోతున్నాయి.

"ఎట్ల పోయిండ్రే?" అన్నాడు.

"మీ అన్న ఎట్ల పోయిండు? అట్లనే."

తలుపు చాటున కస్తూరికి, పట్టుకున్న మోటతాడు చేతుల్లోంచి జారిపోతున్నట్టుంది.

"లచ్చవ్వ సంగతి మీ బాపు నోట విన్న. కౌసల్యను నేనే సూసిన," అంది ముత్తమ్మ. పప్పులో రాళ్లు ఏరుతున్నట్టు ఒక్కో మాట తీసి పక్కన పెడుతోంది. "తెలంగాణ లొల్లి జరిగిన ఏడు. రైళ్లు బందు, బస్సులు బందు. దొరికిన బండెక్కి, దొరకని కాడ నడిసి మానుకోట పోయిన. పోయేటాల్లకు నా బిడ్డ మంచానికి అంటుకపోయి ఉన్నది. నెత్తురు వడ్తదని మంచం కింద తట్టల బూడిద వోసి వెట్టిండ్రు. ఆ బూడిద పొద్దుమాపు నేనే ఎత్తిపోసిన. దాని అత్త పక్క బట్టలు పిండుతనే ఉండె, పాపం."

"పాపమా? ఆళ్లు తిండి వెట్టక సంపిండ్రని నువ్వేగద జెప్పినవు. గప్పటి సంది మనం ఆళ్ల గడప తొక్కలే."

"చెప్పిన. చెప్పకపోతే ఏమైతుండె? గా ఇంటి ఆడిపిల్లలకు గూడ గిదే రోగమని ఊరూరు తిరుగుతుండె మాట. మొగోనికి ఏ రోగమున్నా పిల్లనిస్తరు కొడకా. ఆడిపిల్లకు ఉన్నదంటె ఎవడు గడపెక్కుతడు? నీకు గప్పటికే బిడ్డ. పాలు మరువని పిల్ల. గా తలుపు ఎనక నిలవడ్డది సూడు, గదే. దాని కోసమే చెప్పిన, మల్ల చెప్పుమన్నా గదే చెప్తుంటి."

"మరి ఇయ్యాల ఎందుకు జెప్తున్నవే?"

ముత్తమ్మ పెదవులు బిగించింది. పొద్దున బండ మీద చూసినది ఆమె నాలిక చివరే ఉంది. పరాయివాడి ఎదుట ఆడపిల్ల గుట్టు తీయకూడదనుకుందో, ఆ మాట అంటే నిజమైపోతుందనుకుందో. కళ్లు మాత్రం తలుపు వైపే ఉన్నాయి.

కస్తూరికి అన్నీ కనపడుతున్నాయి. తండ్రి అరచేతికి అంటుకున్న నువ్వులు. అన్న చేతిలో వంగిన చెంబు. అయ్యగారు తోటకూర కట్టను ఊరికే సర్దడం. ఇప్పుడు నోరు మూసుకుంటే ఇది ఇక్కడితో ఆగిపోతుంది. చేట లోపలికి పోతుంది, అన్నాలు తింటారు, సాయంత్రం తాను కూడా బతుకమ్మ దగ్గరికి పోవచ్చు. పైఏడు, లేదా ఆ పైఏడు, ఎవరో ఒకరు తన మంచం కింద తట్టలో బూడిద పోస్తారు.

తల్లిని పక్కకు జరిపి ఆమె గడప దాటింది. అంతమంది ముందుకు ఆ పిల్ల తనంతట తాను రావడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు.

"బాపు," అంది. "డాక్టరు సారు అడిగితే నేను అబద్ధం జెప్పిన. నాకు గూడ పడుతున్నది. ఉగాది ముందటి సంది."

కళావతి గడప మీదే కూలబడింది. రామ్మోహన్ మొహంలో నిన్నటి నవ్వు తాలూకు ఆనవాలు కూడా లేదు. చెల్లెలి వైపు చూడలేక చెంబులోకి చూశాడు. తనను దాటిపోయింది ఎవరి మీద వాలిందో వాడికి అర్థమైంది.

కృష్ణమూర్తి కూతుర్ని తిట్టలేదు. దగ్గరికి కూడా పిలవలేదు. మళ్లీ తన పీట మీద సరిగ్గా కూర్చున్నాడు.

"అయ్యగారూ, గా రెండు పేర్లు గూడ చెప్పిచ్చి జల్ది కానియ్యండి," అన్నాడు. "జనగామ బస్సు దొరకాలె."

వాళ్లు జనగామ చేరేసరికి పొద్దు గూకుతోంది. డాక్టరు దవాఖాన ముందు వీధిలోనే బతుకమ్మలు పెట్టి ఆడవాళ్లు చుట్టూ తిరుగుతున్నారు. కొత్తచీరల గరగరలు, చప్పట్ల లయ లోపలి దాకా వస్తున్నాయి. కృష్ణమూర్తి డాక్టరుకు అంతా చెప్పాడు, మానుకోట సంగతితో సహా. డాక్టరు చివర "చెప్పిండ్రు గద, మంచిపని చేసిండ్రు" అని మాత్రం అని లేచాడు.

లోపల సన్న మంచం, తెల్లగుడ్డ, స్పిరిటు వాసన. నర్సు మణెమ్మ కస్తూరిని ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టి, మోకాళ్లు పొట్ట దాకా ముడిపించి, నడుము నుంచి దుప్పటి కప్పింది. "సిగ్గువడకు బిడ్డా. గోడ దిక్కు సూడు. గీ రూముల నిన్నెవలు సూడరు, రోగాన్నే సూస్తరు," అంది చెవి దగ్గర. బయట ఉండమన్నా వినకుండా వచ్చిన ముత్తమ్మ మంచం పక్కన నిలబడి మనవరాలి చెయ్యి పట్టుకుంది.

గొట్టం చల్లగా తగిలింది. కస్తూరి కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఊపిరి మెల్లగ ఇడువమ్మా. గట్ల. ఏం జదివినవు?" డాక్టరు మాట మొదలైంది.

"టెన్తు."

"ఊరి బడిలనేనా? మీ బడి ఎనక చెరువున్నదా?"

"కుంట ఉన్నది."

"మా బడి ఎనక గూడ కుంటనే. నేను గుంటడు పిలగాన్ని, ఒకనాడు ఏం జేసిన్నో ఎరికేనా? ఒక పెద్ద కప్పను వట్టి అన్నం డబ్బాల వేసుకొని క్లాసుకు తెచ్చిన."

ఆమెకు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చింది. కాని ఆ గొంతు ఆగలేదు, ఆగనంతసేపు తాను బాగున్నట్టే. అన్న చెప్పిన ఆ మాటను పట్టుకుని ఆమె కప్ప వెంటే నడిచింది.

"సారుకు లెక్కలు దిద్దుకుంట నడుమ ఆకలైతది. పిలగాండ్ల డబ్బాలు తీసి వాసన సూసే అలవాటు. నా పక్కపొంటి పిలగాడు నవ్వలేక సస్తున్నడు. సారు వచ్చిండు. నా డబ్బనే ఎత్తిండు. మూత మీద చెయ్యి వెట్టి..."

మాట ఆగింది.

కస్తూరి ఎదురుచూసింది. బయట చప్పట్లు ఒక చుట్టు తిరిగి వచ్చాయి. గోడ మీద సున్నం పెచ్చు ఒకటి లేచి ఉంది, దాన్ని చూస్తూ ఎదురుచూసింది. వెనక డాక్టరు ఊపిరి వినపడుతోంది గాని గొంతు లేదు.

"మణెమ్మా, లైటు జర గిటు," అన్నాడు చాలాసేపటికి. అది కప్ప కథలో మాట కాదు.

"తర్వాత ఏమైంది సార్?" అంది కస్తూరి. పరాయి మనిషిని ఆమె తన నోటితో అడిగిన మొదటి ప్రశ్న అదే కావచ్చు. "డబ్బ మూత తీసిండా సార్?"

మణెమ్మ అరచెయ్యి ఆమె భుజం మీద బరువుగా నిలిచింది. డాక్టరు ముసలిదాని వైపు తల ఎత్తినట్టున్నాడు, గొంతు ఇప్పుడు పై నుంచి వచ్చింది.

"అవ్వా, మానుకోటల పోయిన మీ బిడ్డకు పిల్లలున్నరా?"

కస్తూరి చేతిలో ఉన్న ముత్తమ్మ చెయ్యి ఒక్కసారి సడలిపోయింది.

"ఒక్క ఆడిపిల్ల," అంది ముత్తమ్మ. "దీనికంటె జర పెద్దది. మేం మొహం సూడలే. భూపాలపల్లి దిక్కు కాటారం ఇచ్చిండ్రని విన్న. గిప్పుడు నెలలు నిండినయట."

"కబురు వెట్టుండ్రి, గా పిల్లను గూడ చూడాలె," అన్నాడు డాక్టరు. గొట్టం ఇంకా లోపలే ఉంది. డాక్టరు ఆ కప్ప సంగతి మళ్లీ ఎత్తలేదు.